పెద్ద చక్రం దిగే దారి

ఆ ఏడు చలి ఇంకా పడకముందే మా బస్తీ మగవాళ్ళంతా ఖుషీబాగ్ మీద కత్తి కట్టారు.

ఖుషీబాగ్ అంటే కలకత్తా నగరానికి తూర్పున, బైపాస్ రోడ్డు పక్కన వెలసిన పార్కు. చెరువులో పడవలు, పిల్లల రైలు, దయ్యాల గుహ, అన్నిటికంటే ఎత్తున పెద్ద చక్రం. అది తెరిచిన ఏడాది నుంచీ మెటియాబ్రుజ్‌లోని మా తెలుగు బస్తీ మొత్తం చలికాలంలో ఒక ఆదివారం బస్సు కట్టించుకుని అక్కడికి పోయేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో బస్తాలు మోసుకునే మావాళ్ళకు ఏడాది మొత్తానికి ఉన్న ముచ్చట అదొక్కటే. అందుకే దాని మంచిచెడ్డలు మా బస్తీ పట్టించుకున్నంతగా ఆ పార్కు యజమాని కూడా పట్టించుకుని ఉండడు.

ఆదివారం పొద్దున్నే హరేన్‌దా చాయ్ కొట్టు ముందు పంచాయితీ మొదలయ్యేది. మా గుమ్మం ఆ కొట్టుకు ఎదురుగానే. నేను గడపలో కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతూ అంతా వినేదాన్ని.

"గుహలో దెయ్యానికి సెయ్యి ఇరిగిపోనాది. అది అతికించడానికి నేదు గానీ టికెట్టు పెంచడానికి ఉన్నాది," అనేవాడు బైరాగి మావ. ఆయన మా అయ్యకు బావ వరస, యూనియన్‌లో నోరున్న మనిషి.

"పిల్లల రైలుకి కూత కూడా టేపులో ఏస్తన్నారంట," అని ఒకరు అందుకునేవారు.

"మునుపు డ్రైవరు గొలుసు లాగీవోడు. పిల్లలు ఇంకోపాలి అంటే ఇంకోపాలి లాగీవోడు."

"ఇప్పుడు లోపలికి అన్నం కేరేజీ కూడా తేకూడదంట. వాల్ల కాడే కొనుక్కు తినాలంట. మంచినీల్లు కూడాని."

మా అయ్య గవరయ్య మాత్రం ఖుషీబాగ్ భక్తుడు. భుజం మీద తువ్వాలు సర్దుకుని, "ఏటైతే ఏటి బావా. ఈ కలకత్తా అంతా తిరిగి అలాటిది ఇంకోటి సూపించు," అనేవాడు.

"సూపించనేను. అదే గదా వాల్ల ధైర్యం. మనం నెత్తిన పెట్టుకున్నాం, అది నెత్తికెక్కి కూకున్నాది."

ఇలా ఒకరికొకరు గొంతు చించుకున్నాక, ఈసారి బస్సు ఏ ఆదివారానికి మాట్లాడాలో అందరూ కలిసి తేల్చుకునేవారు. ఏటేటా ఇదే తంతు. ఇష్టమైన వాళ్ళనే అంతలా తిడతారని నాకు చిన్నప్పుడే అర్థమైంది, మా అమ్మ మా అయ్యను తిట్టడం విని.

ఆ ఏడు మాత్రం తంతు మారింది. గేటు దగ్గర టికెట్టు కాక పెద్ద చక్రానికి వేరే టికెట్టు పెట్టారన్న కబురు వచ్చింది. బైరాగి మావ బెంచీ ఎక్కి, "చొల్బే నా" అన్నాడు. సాగనివ్వం అని. ఎర్రజెండా సర్కారు రోజులవి, రేవులో ఆ మాట అంటే క్రేన్లు ఆగిపోయేవి. హరేన్‌దా కొట్టు ముందు చాయ్ గ్లాసులు ఆగిపోయాయి. టికెట్టు తగ్గించేదాకా మా బస్తీ మనిషెవడూ ఖుషీబాగ్ గడప తొక్కకూడదని అక్కడికక్కడే తీర్మానం చేశారు. చేతులెత్తిన వాళ్ళలో మా అయ్య కూడా ఉన్నాడు. ఆయనకు ఏడుపు ఒక్కటే తక్కువ.

నా చిక్కు వేరే. ఆ చలికాలం పెద్ద చక్రం ఎక్కవలసిన వంతు నాది.

ఇది బయటివాళ్ళకు విడమరిచి చెప్పాలి. మావి ఒంటిగది ఇళ్ళు. పెళ్ళిచూపులంటే ఆ గదిలోనే రెండు కుటుంబాలు, గుమ్మంలో ఇరుగుపొరుగు, కిటికీలో పిల్లమూక. పెళ్ళికూతురు తలెత్తితే పొగరు, ఎత్తకపోతే కంటికేదో లోపం. ఇలా లాభం లేదని ఒక ఏడాది పార్కులో ఎవరో పెద్దాయన ఇద్దరినీ చక్రం తొట్టెలో కూర్చోబెట్టి తిప్పించాడు. కింద నుంచి అందరికీ కనిపిస్తారు కాబట్టి మర్యాదకు లోటు లేదు. మాటలు ఎవరికీ వినిపించవు కాబట్టి వాళ్ళకు బెరుకు లేదు. అదే మా బస్తీకి ఆచారమైపోయింది. ఎక్కడానికి ఒప్పుకోవడంతోనే పిల్లవాడి జవాబు అయిపోయినట్టు. ఇక చెప్పవలసింది పిల్ల. ఆమెనూ దిగాక ఎవరూ నోటితో అడగరు. దిగే మెట్ల దగ్గర ఒక పక్క ఆమె తల్లి, ఇంకో పక్క పిల్లవాడి తల్లి నిలబడతారు. ఇష్టమైతే అత్తగారి వైపు నడవాలి, కాదంటే తల్లి వైపు. ఆ తరువాత దాని మీద మాట లేదు. తల్లి వైపు నడిచిన పిల్లను ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. అత్తగారి వైపు నడిచి వెనక్కి తగ్గిన పిల్ల ఇంతవరకూ లేదు. మా ఆడపిల్లలకు నోరంటూ ఒకటి ఉంటే అది ఆ చక్రం మీదే ఉండేది.

నాకు వచ్చిన సంబంధం లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే సత్యారావుది. తండ్రి లేడు. తల్లి తవిటమ్మ, ఇంట్లోనే ఉండే మేనత్త అమ్మన్నమ్మ. పిల్లవాడు నెమ్మదస్తుడని అందరూ అన్నారు. నెమ్మదస్తుడైతే సరే, నేను అతన్ని అడగవలసింది ఒకటి ఉంది. మా పక్క సందులో రజియా ఆపాకు కుట్టుపని కొట్టు ఉండేది. ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టే నన్ను ఆవిడ పిలిచి, ఓపికగా గుడ్డ కత్తిరించడం నేర్పింది. ఫాల్గుణం నుంచి కొట్టులో మిషను మీద కూర్చోమంది. మా బస్తీలో అంతవరకూ మిషను తొక్కిన ఆడమనిషి లేదు. ఆ మాట విన్న రోజు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. లిలువా గంగకు అవతల. అక్కడి నుంచి రోజూ దాటి వచ్చి ఆ పని చేసుకోనిస్తాడా, లేదా. ఇస్తానంటే అతని తల్లి వైపు. ఇవ్వనన్నా, నసిగినా, మా అమ్మ వైపు. అంతే నా లెక్క.

తీర్మానం సంగతి విని మా అమ్మ అప్పలకొండమ్మ కొంగు బొడ్లో దోపుకుని నేరుగా చాయ్ కొట్టు దగ్గరకు నడిచింది. మామూలుగా ఆడవాళ్ళు అటు వెళ్ళరు.

"బైరాగన్నా, మీ బాయికాటు మీరు సేసుకోండి. మరి మా కాసులమ్మకి సక్రం ఎక్కించడం ఎలగ?"

మగవాళ్ళు చర్చలో పడ్డారు. నేను గడపలోనే ఉన్నాను. నా గురించే మాట్లాడుతూ నా వైపు ఒక్కరూ చూడలేదు. పెళ్ళిచూపులు సరదా కిందకు వస్తాయా, అవసరం కిందకు వస్తాయా అన్నది మొదటి చర్చ. చక్రం లేకపోతే జంతువుల పార్కులో చూపించవచ్చు కదా అని ఒకరన్నారు. "ఏనుగెక్కించీమంతావేటి?" అని ఇంకొకరు. గంగ మీద లాంచీ బాగుంటుందని మరొకరు. "లాంచీ దిగితే అవతలొడ్డుకి పోతారు. జవాబు ఎవులికి సెప్తాది?" అన్నాడు బైరాగి మావ. చివరికి నా ఒక్కదానికి మినహాయింపు దొరికింది. దానికి ఒక షరతు పెట్టారు.

"పని సూసుకుని వొచ్చీడమే. లోపల ఎవులూ సరదా పడకూడదు."

పుష్యమాసంలో ఒక ఆదివారం రెండు కుటుంబాలూ ఖుషీబాగ్ గేటు దగ్గర కలుసుకున్నాయి. షరతు సరిగ్గా అమలవుతోందో లేదో చూడడానికి బైరాగి మావ కూడా వచ్చాడు. గేటు దగ్గర కాపలావాడు మా అమ్మ సంచీ వెతికి పులిహోర కేరేజీ బయట పెట్టించాడు. "పిల్లని సూడ్డానికొస్తే ఈడు మన సంచీ సూస్తన్నాడేటి," అంది తవిటమ్మ. మనిషి సాదాసీదాగా ఉంది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు, ఇప్పటికీ లేదు.

లోపల చెరువులో నీళ్ళు అడుగంటి పడవలు ఒడ్డున బోర్లించి ఉన్నాయి. పోయిన ఏడు పూలమొక్కలున్న చోట ఏదో శీతలపానీయం బొమ్మ నిలబెట్టారు. బైరాగి మావ విరిగిన బెంచీ కనిపించినప్పుడల్లా తృప్తిగా తలాడించాడు. పిల్లల రైలు మా పక్క నుంచి పోయింది. మా అయ్య దాన్ని చూసి నవ్వబోయి, షరతు గుర్తొచ్చి మొహం ముడుచుకున్నాడు.

పెద్ద చక్రం దగ్గర బారెడు వరస. మునుపు తొట్టెకు ఇద్దరే. నిదానంగా చాలాసేపు తిప్పేవారు. ఇప్పుడు తొట్టె నిండితేగాని కదలదన్నాడు తిప్పేవాడు. ఇద్దరినీ వదిలెయ్యమని మా అయ్య బతిమాలాడు. "హొబే నా దాదా," కుదరదని ఆ మనిషి ముగ్గురు కాలేజీ కుర్రాళ్ళను మా మీదకు తోశాడు. ఇంకా ఒక చోటు మిగిలింది. పరాయి మగవాళ్ళ మధ్య పిల్లను ఒంటరిగా ఎలా పంపుతామని పెద్దవాళ్ళు గాభరాపడ్డారు. అమ్మన్నమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని గబుక్కున ఎక్కేసింది. ఆవిడ చేసింది మర్యాదే. ఆ మర్యాదతోనే నా కొంప మునిగింది.

సత్యారావు నాకు ఎదురుగా కూర్చున్నాడు. చామనఛాయ, గోళ్ళలో నూనె మరకలు. చక్రం కదలగానే నా వైపు వంగి ఏదో అనబోయాడు.

"ఏటిరా?" అంది మేనత్త.

"ఏటీ నేదు. సలేస్తందేటో అని."

"నేదు," అన్నాను నేను.

తొట్టె పైకి లేచింది. కుర్రాళ్ళు కేకలు మొదలుపెట్టారు. కింద మా అమ్మ ఆకుపచ్చ శాలువా, దిగే మెట్ల దగ్గర, తన చోట తాను. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదనుకుని నోరు విప్పాను.

"లిలువా నుంచి రోజూ..."

"లిలువా నుంచి పొద్దున్నే బయల్దేరినామమ్మా," అంది అమ్మన్నమ్మ. "హౌరాలో బస్సు దొరకనేదు. నిలబడి నిలబడి నా మోకాల్లు పోనాయి." మోకాళ్ళ కథ చక్రం దిగేదాకా సాగింది. సత్యారావు ఇంకోసారి నా కళ్ళలోకి చూశాడు. అతనికీ ఏదో అడగాలని ఉందని నాకు తెలిసింది గాని, ఏమిటో తెలియలేదు. ఒక్క చుట్టుతో చక్రం ఆగిపోయింది.

అడగలేకపోతే జవాబు రానట్టే. జవాబు రాకపోతే మా అమ్మ వైపు. పై నుంచి దిగుతూనే ఆ మాట ఖాయం చేసుకున్నాను. ఏడుపూ లేదు, బెంగా లేదు. ఇంకో సంబంధం వస్తుంది, ఇంకో చలికాలం వస్తుంది అనుకున్నాను.

తొట్టె తలుపు ఎక్కిన వైపు తెరవలేదు. అవతలి వైపు తెరిచారు. అక్కడ ఛాతీ ఎత్తున కొత్తగా ఇనప కంచె కట్టి, ఒక్క మనిషి పట్టే సందు చేశారు. దిగినవాళ్ళందరూ ఆ సందులో పడి, బొమ్మలమ్మే కొట్టు మధ్య నుంచి బయటికి పోవాలి. అమ్మకాలు పెరగడానికి వేసిన ఎత్తు. కంచె అవతల పాత మెట్ల దగ్గర మా అమ్మ నిలబడి చెయ్యి ఎత్తింది. నేను వెనక్కి తిరిగాను. నా వెనక కాలేజీ కుర్రాళ్ళు, వాళ్ళ వెనక ఇంకో తొట్టె జనం. "ఎగోన్, ఎగోన్," ముందుకు నడవండని కాపలావాడు కర్రతో కంచె మీద కొట్టాడు. నడవకపోతే తొక్కేసేలా ఉన్నారు. నడిచాను.

ఎండ కోసమో, బొమ్మలు చూద్దామనో, తవిటమ్మ ఆ కొట్టు గుమ్మం ముందుకు వచ్చి నిలబడి ఉంది. సందులోంచి నేను నేరుగా ఆవిడ ముందుకే వచ్చి పడ్డాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"సల్లగుండు తల్లీ," అంది.

అవతల నుంచి బైరాగి మావ చప్పట్లు కొట్టాడు. మా అయ్య షరతు గాలికి వదిలేసి అందరికీ జిలేబీ కొన్నాడు. సత్యారావు మొహం వాడిపోయింది. సిగ్గనుకున్నారు. నా మొహం ఎలా ఉందో నేను చూసుకోలేదు గాని, దాన్ని కూడా సిగ్గనే అనుకుని ఉంటారు. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే పోయేది కదా అని ఇప్పుడు ఎవరైనా అంటారు. చక్రం దిగాక మాట లేదు. ఆ చక్రాన్ని నమ్ముకున్నది నేనే కదా.

తరువాతి వారం మధ్యాహ్నం నేను రజియా ఆపా కొట్టులో గుడ్డ కత్తిరిస్తుంటే సత్యారావు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. ఆపా చూసీ చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

"నువ్వు మీ అమ్మ కాడికెల్తావనుకున్నాను," అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది.

"ఎందుకనుకున్నావు?"

వాళ్ళ క్వార్టర్ల పక్కనే ఒక బిహారీ ఫిట్టరు కూతురుందని, తన మనసు అక్కడుందని చెప్పాడు. "మాయమ్మకి సెప్పనేను. నాన్న పోయిన కాడ్నుంచి ఆవిడికి నేనే. పిల్లే వొద్దంటే ఆవిడికి బాదుండదు. అదే నీకు సెప్దామని సక్రం ఎక్కినాను. అత్త ఎక్కీసింది."

"నానూ మాయమ్మ కాడికే ఎల్దామనుకున్నాను. దారి నేదు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వేశాం, అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకున్నాం. పిల్ల ఒప్పుకున్నాక పిల్లవాడు కాదంటే ఆ పిల్లలో ఏదో ఉందంటారు, మళ్ళీ సంబంధం రాదు. అతను అది చెయ్యనన్నాడు. మంచివాడు, అందుకే ఎందుకూ పనికిరాకుండా పోయాడు. చివరికి నేనే చెప్తానన్నాను.

ఆ సాయంత్రం పొయ్యి ముందు మా అమ్మకు చెప్పాను. అతని సంగతి దాచి నా సంగతి మాత్రం చెప్పాను. ఆవిడ పొయ్యిలో పుల్లలు ఎగదోసింది.

"నాను సూసినాను గుంటా," అంది. "నువ్వు ఎనక్కి తిరగడం సూసినాను."

"మరెందుకు ఊరుకున్నావమ్మా?"

"అందరూ నవ్వుతున్నారు. మీ అయ్య జిలేబీలు పట్టుకొచ్చీసినాడు. నాకు నోరాడనేదు."

ఆమె మీద నాకు ఎంత కోపం వచ్చిందో, అంత జాలీ వచ్చింది. మా అమ్మ లేచి మా అయ్యకు చెప్పింది. ఆయన తువ్వాలు దులుపుకుని, ఇది పదిమందిలో తేలాల్సిన మాట అన్నాడు.

ఆదివారం పొద్దున్న నేను గడపలో చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కుట్టలేదు. హరేన్‌దా కొట్టు ముందు మా అయ్య గొంతు సవరించుకున్నాడు.

"మా గుంట ఇటు రావాలనుకున్నాదట. ఆ కంచె దాన్ని అటు తోసీసినాది."

అందరూ చాయ్ గ్లాసులు కింద పెట్టారు. ఆ కాసేపూ నాకు ఆశ పుట్టింది. చక్రం ఆచారం పెట్టింది వీళ్ళే, ఆ రోజు జవాబు చెల్లదని వీళ్ళు ఒక్క మాట అంటే చాలు.

"కంచె సంగతే నేనూ అందామనుకుంతన్నాను," అన్నాడు బైరాగి మావ. "దిగినోడు సచ్చినట్టు ఆడి కొట్టులోకి పోవాలా? ఇదేటి నాయం?"

"మా పిల్లడు బొమ్మ కొనీదాకా కదల్నేదు."

"మునుపు ఎటు కావాలంటే అటు దిగీవోల్లం."

"మునుపు తొట్టికి ఇద్దరే. ఇప్పుడు బస్తాలేసినట్టు ఏస్తన్నారు. టికెట్టు మాత్రం డబలు."

"దెయ్యానికి సెయ్యి అతికించినారేటి?"

"ఏదీ. రెండోదీ ఊగతన్నాది."

మాట రైలు కూత మీదకు పోయింది, అక్కడి నుంచి మంచినీళ్ళ మీదకు, అక్కడి నుంచి పార్కు తెరిచిన ఏడాది ఎంత బాగుండేదో ఆ వైభవం మీదకు. మా అయ్య కూడా అందులో పడిపోయాడు. పడవల గురించి ఆయన చెప్తుంటే అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. పెళ్ళి అన్న మాట ఎప్పుడు వస్తుందా అని నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. చాయ్ రెండోసారి వచ్చింది. బైరాగి మావ బెంచీ ఎక్కాడు. అందరూ చేతులెత్తారు. చప్పట్లు కొట్టారు.

మా అయ్య లోపలికి వచ్చినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది.

"అందరూ నీ పక్కేనమ్మా. ఒక్కడు ఎదురు సెప్పనేదు. తప్పు ఆ కంచెదే అన్నారు. మంగలారం డిప్టేషను ఎల్తన్నాం, మేనేజరు కాడికి."

"మరి పెల్లో అయ్యా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు.

"పెల్లేటి? పెల్లి పాల్గునంలోనే."

ఫాల్గుణంలో నేను గంగ దాటాను. రజియా ఆపా మిషను మీద ఇంకెవరో కూర్చున్నారని విన్నాను. రోజూ దాటి వెళ్తానని నేను అడగలేదు. ఇష్టం లేని పెళ్ళి చేసుకున్న మనిషిని వరమడగడానికి నాకు నోరు రాలేదు, వద్దనడానికి అతనికి అవకాశమూ రాలేదు.

మరుసటి చలికాలం మా అయ్య లిలువా వచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం. గుమ్మంలోంచే చెప్పాడు, డిప్యుటేషను గెలిచిందని, కంచె పీకేశారని, ఇప్పుడు చక్రం దిగినవాళ్ళు ఎటు కావాలంటే అటు నడవచ్చని, బస్తీ అంతా మళ్ళీ బస్సు మాట్లాడుకున్నారని. టికెట్టు మాత్రం ఇంకా పెరిగిందట. మా అత్తగారు సంతోషించి ఆయనకు పీట వేసింది. సత్యారావు అన్నం తింటున్నాడు. తల ఎత్తకుండా, ఇంకొంచెం చారు పొయ్యమన్నాడు. పోశాను.